గట్టిగా మీటమన్నాను



చాలా రోజుల తరువాత టపా వ్రాస్తున్నాను. సాధారణంగా ఛందస్సో, ఒక మంచి పద్యమో, ఒక చెడ్డ అనువాదమో ఉండే ఈ చోట పాశ్చాత్య వాద్యబృందాన్ని గురించిన ముచ్చట కనబడితే, "మాస్టారికి ఏమైంది?" అని మీరు అనుకోవచ్చు. అనుకున్నా తప్పు లేదు. నాకు తెలిసిన సంగీతం బహు స్వల్పం. చిన్ననాట మా మేనత్తగారి దగ్గర గీతాలు, నాలుగైదు వర్ణాలు పాడుకున్నాను. హార్మోనియం మెట్ల మీద పద్యానికి సరిపడా వేళ్ళు నడుస్తాయి. పాశ్చాత్య సంగీతంలో అరవై ఏడవ ఏట ఓనమాలు దిద్దుతున్నాను. పొరపాట్లుంటే దిద్దండి. ముప్పై ఆరేండ్లు పరుల తప్పులు దిద్దినవాడికి అది న్యాయమే.

అయినా ఈ సంగతి వ్రాయక తప్పని కారణం ఒకటి ఉంది. అది 1993లో మొదలైంది.

కృష్ణా జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల. నేను అక్కడ తెలుగు పండితుణ్ణి. వార్షికోత్సవానికి రుక్మిణీ కల్యాణం నృత్యరూపకం వేయిద్దామని ప్రధానోపాధ్యాయుల వారి సంకల్పం. పద్యాలు కూర్చే పని ఎలాగూ నాదే. సంగీతమూ నా మీదనే పడింది. "మీకు హార్మోనియం వచ్చు కదండీ" అన్నారు. అంతే, నేను సంగీత దర్శకుణ్ణయ్యాను.

మాకు దొరికిన వాద్యాలు ఇవి: నా హార్మోనియం ఒకటి, రామాలయం భజన మండలి వారిది మరొకటి, పిల్లనగ్రోవులు మూడు, వయొలిన్లు రెండు, తబలా, మృదంగం, కవాతుకు వాడే బడి బ్యాండులోని డ్రమ్ములు రెండు, ఇవి కాక ఒక వీణ. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తన తల్లి వీణను రిక్షాలో, దుప్పటి చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్లు తెచ్చేది. నూజివీడులో చేసిన వీణ. ఆ పిల్ల చేతిలో మంచి నాదం ఉండేది. రుక్మిణి బ్రాహ్మణుని చేత కృష్ణునికి సందేశం పంపే ఘట్టంలో ఆ వీణను ముందుకు తేవాలని నేను మొదటి నాడే అనుకున్నాను. చెప్పుకోలేని మాట చెప్పవలసిన కన్య; దానికి వీణ కంటే తగిన గొంతు ఏముంది?

అనుకున్నానే గాని, చేసింది వేరు. పిల్లల తల్లిదండ్రులందరూ వస్తారు. ఎవరి బిడ్డ వేదిక మీద ఖాళీగా కూర్చున్నా వారి మనసు కష్టపడుతుంది. కనుక ఏ ఘట్టంలోనూ ఎవరూ ఊరక ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. రుక్మిణీ సందేశంలో వీణ వాయించే వరుసనే పిల్లనగ్రోవులు మూడూ వాయించాయి. వయొలిన్లు రెండూ వాయించాయి. రెండు హార్మోనియాలు శ్రుతి పట్టాయి. తబలా, మృదంగం సరే సరి. డ్రమ్ము పిల్లవాడికి కూడా, పాపం, అక్కడక్కడ ఒక దెబ్బ ఇచ్చాను. ఉన్న ఒక్క మైకూ పాడేవారి ముందు పెట్టాం.

అభ్యాసం జరుగుతుండగా ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, నా వీణ నాకే వినబడటం లేదండీ" అంది.

"గట్టిగా మీటు తల్లీ" అన్నాను.

వార్షికోత్సవం నాడు ఆ పిల్ల తండ్రి వచ్చాడు. బస్సు కండక్టరు. డ్యూటీ మార్చుకుని, ఖాకీ చొక్కాతోనే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. అంతా అయ్యాక నా దగ్గరకు వచ్చి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు: "మా అమ్మాయి వాయించిందాండీ?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆయనకు నిజంగానే తెలియలేదు. కూతురి చేతులు కదలడం చూశాడు, చెవికి ఏమీ అందలేదు. "వాయించిందండీ, చాలా బాగా వాయించింది" అన్నాను. ఆ మరుసటి ఏడు ఆ అమ్మాయి వీణ తేలేదు. అడిగితే, "చదువుకోవాలండీ, పదో తరగతి కదా" అంది. నేనూ సరే అన్నాను.

ఇక రెండవ అంకం.

2024 అక్టోబరులో టెక్సాసులో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళి, మార్చి దాకా ఉన్నాను. మా మనుమరాలు అక్కడ పదో తరగతి. బడి ఆర్కెస్ట్రాలో వాయిస్తుంది. భుజాన పెట్టుకుని వాయించేది కనుక వయొలిన్ అనుకున్నాను. "కాదు తాతయ్యా, ఇది వయోలా. కొంచెం పెద్దది. ఎవరికీ తెలియదు" అంది. ఆ చివరి మాటలో ఏదో వినబడింది గాని అప్పుడు పట్టించుకోలేదు.

వయోలా వయొలిన్ కంటే అయిదు స్వరాలు క్రింది స్థాయిలో శ్రుతి చేయబడుతుంది. ఆ శ్రుతికి న్యాయంగా ఉండవలసినంత పెద్ద బుర్ర దానికి ఉండదు. ఉంటే భుజం మీద నిలువదు. అందుచేత దాని నాదం కొంచెం ముసుగు వేసుకున్నట్లు ఉంటుంది. వయొలిన్ మెరుస్తుంది, చెలో గుండె నిండా పలుకుతుంది. వయోలా ఆ రెండింటి నడుమ నిలబడి ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ ఉంటుంది. మన ఇళ్ళలో నడిపి కోడలి వంటిది.

ఆ బడిలో మొదటి వయొలిన్లు పన్నెండు, రెండవ వయొలిన్లు పన్నెండు, వయోలాలు అయిదు, చెలోలు ఏడు, డబుల్ బేసులు మూడు. పెద్ద కచేరీలకు బడి బ్యాండు నుంచి ఊదే వాద్యాలు, డ్రమ్ములు వచ్చి కలుస్తాయి. ఆ సంవత్సరం ఆర్కెస్ట్రా ఉపాధ్యాయిని పిల్లలకొక అవకాశం ఇచ్చింది: ఎవరైనా మూడు నిమిషాల స్వీయ రచన చేస్తే వసంత కచేరీలో వాయిస్తారు. మా మనుమరాలు చేస్తానంది. తన వయోలాకు ఒక మంచి పాట వ్రాసుకోవాలని దాని కోరిక. పైకి చెప్పలేదు గాని, అది కుదరకపోతే ఆ ఏటితో వయోలా మానేయాలని కూడా అనుకుందట. ఇది నాకు తరువాత తెలిసింది.

నేను గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెప్పించుకుని దానికి తోడు కూర్చున్నాను. ఎన్ని వాద్యాలు, ఏ వాద్యం ఎందరు అన్నది స్వరకర్త మొదట తేల్చుకోవలసిన విషయమని, అది అలంకారం కాదు, పునాది అని నాకు అప్పుడే తెలిసింది.

ఈనాటి పెద్ద ఆర్కెస్ట్రాలలో తంత్రీ వాద్యాలు సాధారణంగా పదహారు మొదటి వయొలిన్లు, పధ్నాలుగు రెండవ వయొలిన్లు, పన్నెండు వయోలాలు, పది చెలోలు, ఎనిమిది బేసులు. మొత్తం అరవై. మెట్లు దిగినట్లు రెండేసి తగ్గుతూ వస్తాయి. ఊదే వాద్యాలు మాత్రం ఒక్కొక్కటి రెండో, మూడో. వయొలిన్ల గుంపులో పదహారు మందిదీ ఒకే వరుస. ఓబో వాయించేవాడు మాత్రం తన వరుసకు తానొక్కడే. ఇది మన సమాసాల వంటిది కాదు, వాక్యం వంటిది. విశేషణాలు ఎన్నైనా ఉండవచ్చు, క్రియ ఒకటే.

ఈ లెక్కలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. హైడన్ ఎస్తర్‌హాజీ ప్రభువుల కొలువులో ఉన్ననాళ్ళు ఆయనకు దొరికింది పాతిక మందికి మించని బృందం. దానికి తగినట్లే వ్రాశాడు. 1791లో లండన్ వెళ్ళాక సుమారు నలభై మంది దొరికారు. రచన రూపం కూడా మారింది. మోజార్టు 1781లో వియన్నా నుంచి తండ్రికి వ్రాసిన ఉత్తరంలో, తన సింఫనీని నలభై వయొలిన్లతో, పది వయోలాలతో, ఎనిమిది చెలోలతో, పది డబుల్ బేసులతో వాయించారని, ఊదే వాద్యాలను కూడా రెట్టింపు చేశారని సంబరంగా చెప్పుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది ఆ చివరి మాట. తీగలను పెంచినప్పుడు ఊదేవారినీ పెంచారు. ఒక వైపు బరువు పెరిగితే రెండో వైపు చూసుకోవాలి. కావడి మోసేవాడికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు.

తరువాతి తరం వారు దొరికినదానితో సరిపెట్టుకోలేదు, కావలసింది వ్రాసి అడిగారు. బెర్లియోజ్ 1830లో తన ఫాంటాస్టిక్ సింఫనీకి కనీసం పదిహేను, పదిహేను, పది, పదకొండు, తొమ్మిది చొప్పున తంత్రీ వాద్యాలు ఉండాలని వ్రాతప్రతిలోనే షరతు పెట్టాడు. వాగ్నర్ రింగ్ నాటకాలకు పదహారు, పదహారు, పన్నెండు, పన్నెండు, ఎనిమిది అడిగాడు. ఎనిమిది హార్నులు, ఆరు హార్పులు కూడా అడిగాడు. అంత బలగమూ పాడేవారి గొంతులను మింగేస్తుంది కదా అంటే, బైరాయిట్‌లో బృందాన్ని వేదిక క్రింద గోతిలో కూర్చోబెట్టి పైన కప్పు వేయించాడు. అడిగినవాడు దాని పర్యవసానం కూడా ఆలోచించాడు. నేను డ్రమ్ము పెట్టినప్పుడు ఆలోచించనిది అదే.

మా మనుమరాలు మొదటి ప్రతిలో ఉన్నవన్నీ వాడింది. తీగలన్నీ, ఫ్లూట్లు రెండు, క్లారినెట్లు రెండు, ట్రంపెట్లు రెండు, ట్రాంబోన్ ఒకటి, టింపనీ. మధ్యలో పదహారు ఆవర్తాల వయోలా పాట. ఆ పాట ఎంత బాగుందో చెప్పలేను. నాకు కొంచెం మోహన రాగం ఛాయ వినబడింది. అది దానికి తెలిసి చేసిందో, తెలియక చేసిందో నేను అడగలేదు. కంప్యూటరులో వాయించి వినిపించింది. వయోలా స్పష్టంగా, ముత్యాలు దొర్లినట్లు వినబడింది. అందరమూ చప్పట్లు కొట్టాం.

ఆ కంప్యూటరే మమ్మల్ని మోసం చేసింది. అందులో ఏ వాద్యానికి ఎంత బలం అనేది ఒక మీట జరిపితే చాలు. దోమ చేత సింహాన్ని మించి అరిపించవచ్చు. నిజమైన గదిలో, నిజమైన ఊపిరితో ట్రంపెట్ ఊదినప్పుడు అలా కుదరదు.

జనవరిలో మొదటి అభ్యాసం. ఉపాధ్యాయిని అనుమతితో నేనూ వెళ్ళి వెనుక కూర్చున్నాను. వయోలా పాట వచ్చింది, పోయింది. అయిదుగురు పిల్లల కమానులు కదలడం చూశాను. వినబడలేదు. క్లారినెట్లు సరిగ్గా అదే స్థాయిలో నిడివి స్వరాలు పట్టి ఉన్నాయి. ఇరవై నాలుగు వయొలిన్లు పైన రెపరెపలాడుతున్నాయి. ట్రంపెట్లు మెల్లగా వాయించమని వ్రాసి ఉంది గాని, పదిహేనేండ్ల పిల్లవాడి మెల్లన ఎంత మెల్లనో మీకు తెలుసు.

మా మనుమరాలు లేచి నిలబడి, తోటి వయోలా పిల్లలతో ఇంగ్లీషులో ఒక మాట అంది. ఇంకా గట్టిగా వాయించండి, అని.

నేను కూర్చున్న కుర్చీలో నాకు ముప్పై రెండేండ్ల క్రిందటి నా గొంతు వినబడింది.

ఆ రాత్రి అది అన్నం తినలేదు. "వయోలా ఎవరికీ వినపడదు తాతయ్యా. అది అంతే" అంది. నేను దాని పక్కన కూర్చుని వీణ అమ్మాయి కథ చెప్పాను. దాచకుండా చెప్పాను, ఆ తండ్రి అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. అది చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మీరు ఏం చేసి ఉండాల్సింది?" అని అడిగింది.

సమాధానం నా దగ్గర లేదు. "వెతుకుదాం పద" అన్నాను.

వెతికితే దొరికిన సంగతులు కొన్ని ఇవి. ఎవరికైనా పనికివస్తాయని వ్రాస్తున్నాను.

ఒకటి: మనుషులను పెంచితే శబ్దం మనం ఆశించినంత పెరగదు. ఒకే బలంతో వాయించేవారు ఒకరి స్థానంలో ఇద్దరైతే పెరిగేది సుమారు 3 డెసిబెల్స్. చెవికి "రెట్టింపు అయింది" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే ఒకరి చోట పదిమంది ఉండాలి. అయిదుగురు వయోలా పిల్లలు ప్రాణం పెట్టి వాయించినా, మరో అయిదుగురిని తెచ్చినా, ట్రంపెట్‌ను దాటరు. మరి పదహారు వయొలిన్లు ఎందుకు? ధ్వని కోసం కంటే నునుపు కోసం. పదహారు గొంతులలోని చిన్న చిన్న తేడాలు కలిసి పట్టుబట్ట లాంటి ఒక నాదం పుడుతుంది. అది ఒక్క వయొలిన్ ఎంత గట్టిగా వాయించినా రాదు.

రెండు: ఇద్దరు అనే సంఖ్య ప్రమాదకరం. ఒక్కరు వాయిస్తే అది ఒక మనిషి గొంతు. ముగ్గురు, నలుగురు దాటితే గుంపు గొంతు. ఇద్దరు ఒకే వరుస వాయిస్తే, శ్రుతిలోని వెంట్రుకవాసి తేడా కూడా చెవిని గీరుతుంది. మా మనుమరాలు తానూ తన స్నేహితురాలూ ఇద్దరే ఆ పాట వాయించాలని ముచ్చటపడింది. స్నేహం వేరు, శ్రుతి వేరు. నా 1993 నాటి రెండు వయొలిన్లు ఎందుకు పిల్లి పోట్లాటలా ఉండేవో నాకు ఇప్పటికి అర్థమైంది. పాపం, ఆ పిల్లలను ఎంత తిట్టానో.

మూడు: వాద్యాలు సమానమైన తూకపురాళ్ళు కావు. రష్యా స్వరకర్త రిమ్‌స్కీ కోర్సకోవ్ వాద్యసంయోజనం మీద వ్రాసిన గ్రంథం ఆయన పోయాక 1913లో అచ్చయింది. అందులో ఒక లెక్క ఉంది. బలంగా వాయించేటప్పుడు ఒక ట్రంపెట్ రెండు హార్నులకు సమానం. ఒక హార్ను రెండు ఫ్లూటు, ఓబో జాతి వాద్యాలకు సమానం. అంటే ఒక ట్రంపెట్‌ను తూచడానికి నాలుగు క్లారినెట్లు కావాలి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని మనం లెక్క కట్టమూ? ఇదీ అంతే. గణాల సంఖ్య సరిపోయిందని పద్యం నడవదు. ఏ గణమో చూడాలి.

నాలుగు, అన్నింటికంటే నా మనసును పట్టింది: ఉన్న వాద్యాన్ని ఊరక ఉంచడం కూడా రచనలో భాగమే. బీథోవెన్ అయిదవ సింఫనీ 1808 డిసెంబరులో వియన్నాలో మొదటిసారి వాయించారు. అందులో ట్రాంబోన్లు మూడు ఉన్నాయి. మొదటి మూడు భాగాలూ, సుమారు ఇరవై నిమిషాలకు పైగా, అవి ఒక్క స్వరం పలుకవు. ఆ ముగ్గురూ వాద్యాలు ఒడిలో పెట్టుకుని కూర్చుంటారు. చీకటి లోంచి వెలుగులోకి వచ్చినట్లు నాలుగవ భాగం విచ్చుకునే క్షణాన, చిన్న పిక్కలో ఫ్లూటుతో, కాంట్రాబసూన్‌తో కలిసి అవి లోపలికి వస్తాయి. ఆ మూడు భాగాలలోనూ వాటికి ఏదో ఒక పని ఇచ్చి ఉంటే ఆ వెలుగు లేదు. ద్వొరాక్ 1893 నాటి న్యూ వరల్డ్ సింఫనీలో తాళాలు వాయించేవాడికి చివరి భాగంలో ఒక్కటంటే ఒక్క దెబ్బ. ఆ మనిషికి అవమానమని ఎవరూ అనుకోరు. నా డ్రమ్ము పిల్లవాడి తల్లి అనుకుంటుందని నేను భయపడ్డాను.

అయిదు: బ్రామ్స్ మరొక మెట్టు పైకి వెళ్ళాడు. 1859లో వ్రాసిన రెండవ సెరినేడ్‌లో వయొలిన్లు అసలు లేవు. తీగలలో వయోలాయే పెద్ద దిక్కు. జర్మన్ రిక్వియం మొదటి భాగంలోనూ వయొలిన్లు మౌనం. దుఃఖితులను ఓదార్చే ఆ చోట ఆయనకు మెరుపు అక్కరలేకపోయింది. ఇది చదివి వినిపించినప్పుడు మా మనుమరాలు కళ్ళు పెద్దవి చేసుకుని, "వయొలిన్లు లేకుండానా?" అని మూడుసార్లు అడిగింది.

మన ఆలంకారికులు కావ్యంలో ఒక రసం అంగి, తక్కినవి అంగాలు అన్నారు. పదకొండవ శతాబ్దపు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. నడుముకు పెట్టవలసిన నగను మెడలో వేసుకుంటే అందం రాకపోగా నవ్వు వస్తుందని హెచ్చరించాడు. ఇదంతా నేను ముప్పై ఆరేండ్లు నల్లబల్ల మీద వ్రాసి చెప్పినదే. చెప్పాను గాని, వేదిక మీద నా పిల్లలకు అంగి ఏదో, అంగం ఏదో నిర్ణయించలేదు. అందరికీ అన్నీ ఇవ్వడం న్యాయమనుకున్నాను. అది నిర్ణయం తీసుకునే ధైర్యం లేకపోవడమని ఇప్పుడు తోస్తున్నది.

మన దగ్గర ఈ విద్య లేక కాదు. ఆకాశవాణి 1952లోనే వాద్యబృందాన్ని ఏర్పాటు చేసింది. వైణికులైన ఈమని శంకరశాస్త్రిగారు దానికి రచనలు కూర్చి నడిపించారు. వీణ చేతబట్టినవారే అంతమంది నడుమ ఏ వాద్యానికి ఎప్పుడు చోటివ్వాలో చూసుకున్నారు. వారి కచేరీలు నేను రేడియోలో విన్నాను. విన్నాను గాని నేర్చుకోలేదు.

ఇక మా మనుమరాలు ప్రతిని మళ్ళీ వ్రాసింది. ఆ పదహారు ఆవర్తాలలో ట్రంపెట్లు, ట్రాంబోన్, టింపనీ తీసేసింది. క్లారినెట్లను తీసేటప్పుడు కొంచెం బాధపడింది, వాయించేవాళ్ళు స్నేహితులు. అయినా తీసేసింది, వాళ్ళకు చివరి భాగంలో మంచి వరుస ఇచ్చింది. రెండవ వయొలిన్లు పూర్తిగా మౌనం. మొదటి వయొలిన్లలో నలుగురు మాత్రం, కమాను పక్కన పెట్టి, వేలితో మీటుతారు. మీటిన స్వరం పుట్టి ఆరిపోతుంది కనుక పాటను కప్పదు. పైన చాలా ఎత్తున ఒక్క ఫ్లూటు, క్రింద బేసుల మీటు. నడుమ అంతా ఖాళీ. ఆ ఖాళీలో వయోలాలు అయిదూ. ఇద్దరు కాదు, ఒక్కరూ కాదు, అయిదుగురూ.

"ఇంత మందిని ఖాళీగా కూర్చోబెట్టాను తాతయ్యా. వాళ్ళు ఫీల్ అవుతారేమో" అంది.

"వాళ్ళు కూర్చోవడం లేదమ్మా, వింటున్నారు" అన్నాను.

మార్చి మొదటి వారంలో కచేరీ. అదే రోజులలో, మార్చి 8న, ఇళయరాజాగారు లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ చేత తన సింఫనీ వాయింపజేశారు. ఆ వార్త ఇంట్లో అందరం చదువుకున్నాం. మాకు మాత్రం ఆ వారం పెద్ద సంఘటన మా ఊరి బడి హాలులో జరిగింది. వయోలా పాట వచ్చింది. హాలులో దగ్గులు ఆగిపోయాయి. నా ముందు వరుసలో ఒక అమెరికా పెద్దాయన ఎవరు వాయిస్తున్నారా అని మెడ సాచి చూశాడు. మా అల్లుడు నా చేయి పట్టుకున్నాడు. గట్టిగా వాయించమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నిజానికి ఆ పాట మీద మా మనుమరాలు "మృదువుగా" అని వ్రాసింది.

అది వయోలా మానలేదు. వచ్చే ఏడూ వాయిస్తుందట.

తిరిగి వచ్చాక పూర్వ విద్యార్థుల వాట్సాప్ గుంపులో విచారించి, వీణ అమ్మాయి నంబరు సంపాదించాను. ఇప్పుడు ఆమెకు నలభై ఆరేండ్లు ఉంటాయి. వారం రోజులు తటపటాయించి ఫోను చేశాను. "మాస్టారూ, బాగున్నారాండీ!" అని ఆమె పలుకరించిన తీరుకే నా గొంతు పట్టుకుంది. క్షేమ సమాచారాలయ్యాక ఆ వార్షికోత్సవం సంగతి ఎత్తాను.

"రుక్మిణీ కల్యాణమాండీ? నాకు పెద్దగా గుర్తు లేదండీ" అంది. కొంచెం ఆగి, "మీరు గట్టిగా మీటమన్నారు, అది మాత్రం గుర్తుంది. ఇంటికి వెళ్ళి ఆ రాత్రి గట్టిగా మీటితే సారణి తెగిపోయింది. అమ్మ కోప్పడింది" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. "తప్పు నాదమ్మా. నీ వీణకు బలం తక్కువై కాదు. నేను చుట్టూ అంతమందిని పెట్టి నిన్ను అరవమన్నాను" అన్నాను.

"అయ్యో, అదేమిటండీ మాస్టారూ, అందరికీ అవకాశం ఇచ్చారు కదా మీరు."

"అందరికీ ఇచ్చాను. నీకు తప్ప."

అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "నాన్నగారు ఉండి ఉంటే ఈ మాట వినేవారండీ" అంది. ఆయన పోయి తొమ్మిదేండ్లు అయిందట. నేను ఫోను చేయవలసింది పదేండ్ల క్రిందట.

వీణ ఉందా అని అడిగాను. ఉందట. పడక గదిలో మూలన, గుడ్డ కప్పి. తీగలు మార్చాలట.

మిత్రులారా, మీలో ఉపాధ్యాయులు ఉంటే, రేపో మాపో వార్షికోత్సవానికి పిల్లల చేత ఏదైనా వాయింపజేయవలసి వస్తే, మెత్తని గొంతు గల వాద్యం ఏదో ముందుగా చూడండి. అది పలికేటప్పుడు తక్కినవారికి వినడం నేర్పండి. అదీ పాఠమే. ఆ పిల్లవాడి తల్లి బాధపడుతుందేమోనని భయపడకండి. రెండో ఘట్టంలో వాడికి ఒక మంచి దెబ్బ ఇవ్వండి, ఒక్కటి చాలు.

ఇంతకు మించి నాకు తెలిసింది లేదు. తప్పులుంటే వ్యాఖ్యలలో తెలుపగలరు.

సెలవు.